దాచిన కోడ్‌ను నమ్మమనే సలహాకు జవాబు

మిత్రులు తమలో తాము ఫైళ్లు పంచుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ భద్రమో చెప్పే సందేశం ఒకటి కొన్నాళ్లుగా పదే పదే నా దగ్గరికి వస్తోంది. పంపేవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ సలహాలు నమ్మి ఎవరైనా గుర్తింపు పత్రాలో వైద్య నివేదికలో పంపితే, జరిగే నష్టాన్ని ఆ మంచి ఉద్దేశం పూడ్చలేదు. అందులో ఉన్నవి ఐదు మాటలు: సైనిక స్థాయి ఎన్‌క్రిప్షన్ (కీ లేనివారు చదవలేని రూపంలోకి సమాచారాన్ని మార్చడం) అని రాసి ఉన్న యాప్‌నే ఎంచుకోవాలి, లింకు తొలగిస్తే ఫైలు పూర్తిగా పోతుంది, జిప్ ఫైలుకు పాస్‌వర్డ్ పెడితే చాలు, టెలిగ్రామ్‌లో పంపినవి మూడో కంట పడవు, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కోడ్ అందరికీ కనిపిస్తుంది కనుక దొంగలకూ దారి చూపిస్తుంది.

మొదటి రెండింటి మీద ఎక్కువ సమయం వృథా చేయను. సైనిక స్థాయి అన్నది ప్రకటనల భాష. దాని వెనుక సాధారణంగా ఉండేది ఏఈఎస్-256 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి, అది ఉచిత ప్రోగ్రాముల్లోనూ ఉంది. లింకు తొలగించినంత మాత్రాన, అప్పటికే దించుకున్నవారి దగ్గరున్న ప్రతి చెరిగిపోదు.

జిప్ సంగతి కాస్త వివరంగా చూడాలి. పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైలును ఒకసారి తెరిచి చూడండి: పాస్‌వర్డ్ అడగకముందే లోపలి ఫైళ్ల పేర్లు వరుసగా కనిపిస్తాయి. ఆ పేర్లే చాలాసార్లు విషయమంతా చెప్పేస్తాయి. పైగా జిప్‌లోని పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతిని, లోపలి సమాచారంలో కొద్ది భాగం తెలిస్తే చాలు, ఛేదించవచ్చని బిహామ్, కోచర్ అనే పరిశోధకులు 1994లోనే చూపించారు. పీఎన్‌జీ బొమ్మ ఏదైనా మొదటి 16 బైట్లు ఒకేలా ఉంటాయి. దాన్ని కుదించకుండా ఆ పద్ధతిలో జిప్‌లో పెడితే దాడి చేసేవాడికి కావలసింది చేతికిచ్చినట్టే. జిప్ లాంటిదే కావాలనుకుంటే సెవెన్-జిప్ అనే ప్రోగ్రామ్‌లో 7జెడ్ రకాన్ని ఎంచుకుని, ఫైళ్ల పేర్లను కూడా ఎన్‌క్రిప్ట్ చేసే ఐచ్ఛికాన్ని పెట్టుకోవాలి. పాస్‌వర్డ్‌ను అదే చాట్‌లో పంపకూడదు.

టెలిగ్రామ్‌లో మామూలు చాట్‌ల కీలు ఆ సంస్థ సర్వర్లలోనే ఉంటాయి. ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపేవారు, అందుకునేవారు తప్ప ఆ సంస్థ కూడా చదవలేని రక్షణ) సీక్రెట్ చాట్‌లకు మాత్రమే వర్తిస్తుంది, అవి ఇద్దరి మధ్యే సాధ్యం. అంటే మిత్రులంతా ఫైళ్లు పెట్టుకునే గ్రూపుకు ఆ రక్షణ లేనే లేదు.

ఇక ఓపెన్ సోర్స్ మీద చేసిన ఆరోపణ. దీన్ని మాత్రం చూసీ చూడనట్టు వదలలేను, ఎందుకంటే ఇది మనుషులను మంచి సాఫ్ట్‌వేర్ నుంచి చెడ్డదాని వైపు నెడుతుంది. సాంకేతిక పద్ధతి శత్రువు చేతికి చిక్కినా ఇబ్బంది రాకూడదని 1883లోనే ఆగస్ట్ కెర్కాఫ్స్ అనే గూఢలిపి నిపుణుడు రాశారు. రహస్యం ఉండాల్సింది కీలో. ఏఈఎస్ పుట్టిందే అలా: 1997లో అమెరికా ప్రమాణాల సంస్థ బహిరంగ పోటీ పెట్టింది, 15 పద్ధతులు బరిలో నిలిచాయి, ప్రపంచంలోని నిపుణులంతా వాటిని బద్దలు కొట్టడానికి ప్రయత్నించాక, 2000లో ఇద్దరు బెల్జియన్లు రూపొందించిన పద్ధతి ఎంపికైంది. దాచిపెట్టినవాటి గతి ఏమైంది? డీవీడీల రక్షణ పద్ధతి 1999లో బయటపడి కుప్పకూలింది. క్రిప్టో ఏజీ అనే స్విస్ సంస్థ యంత్రాలను వందకు పైగా దేశాలు నమ్మి కొన్నాయి. ఆ సంస్థకు 1970 నుంచి రహస్య యజమానులు సీఐఏ, పశ్చిమ జర్మనీ గూఢచారులేనని 2020లో వెల్లడైంది. ప్రభుత్వాలకే లోపల ఏముందో తెలియలేదంటే, కోడ్ కనబడకపోవడమే రక్షణ అని ఇంకా ఎలా చెప్పగలుగుతున్నారు? దొంగకు సోర్స్ కోడ్ అక్కరలేదు, తయారైన యాప్‌ను విప్పి చూసే పనిముట్లు వాడికి ఉన్నాయి. కోడ్ దాచితే అడ్డు పడేది తప్పు కనిపెట్టి చెప్పాలనుకునే మంచివాడికే.

అయినా ఆ భయంలో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. కోడ్ బయట ఉన్నంత మాత్రాన ఎవరో చదివారని కాదు. వెబ్‌సైట్ల సమాచార మార్పిడికి రక్షణ ఇచ్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని హార్ట్‌బ్లీడ్ లోపం రెండేళ్లు ఎవరి కంటా పడకుండా ఉండి 2014లో బయటపడింది. 2024లో ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేర్‌లోకి, ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించుకున్న వ్యక్తే దొంగదారి చొప్పించాడు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయడంతో అది దొరికింది. కోడ్ అందుబాటులో ఉండబట్టే ఆయన ఆ ఆరాను చివరిదాకా తీసుకెళ్లగలిగారు. కాబట్టి ఓపెన్ సోర్స్ అన్న ముద్ర చూసి ఆగిపోకుండా, స్వతంత్ర భద్రతా పరిశీలన జరిగిందా, నవీకరణలు వస్తున్నాయా అని కూడా చూడాలి.

నన్ను అడిగితే, చిన్న ఫైళ్లకు సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌లో గ్రూపు సరిపోతుంది. పెద్ద ఫైలు ఒక్కసారే పంపాలంటే మ్యాజిక్ వర్మ్‌హోల్ అనే ప్రోగ్రామ్ వాడండి. పంపేవారు చెప్పే చిన్న కోడ్‌ను అందుకునేవారు టైప్ చేస్తారు, మధ్యలోని సర్వర్ ఫైలును చదవలేదు. ఒక ఫోల్డర్‌ను ఎప్పటికప్పుడు పంచుకోవాలంటే సింక్‌థింగ్ అనే ప్రోగ్రామ్ ఉంది, కాకపోతే కనీసం రెండు పరికరాలు ఒకేసారి ఆన్‌లో ఉండాలి. సిగ్నల్‌లో ముఖ్యమైనది పంపే ముందు సేఫ్టీ నంబర్‌ను (ఇద్దరి ఫోన్లలోనూ ఒకేలా కనిపించాల్సిన అంకెల వరుస) ఎదురెదురుగా గానీ ఫోన్‌లో గొంతు గుర్తుపట్టి గానీ సరిపోల్చుకోండి.