గ్రంథాలయ చైర్మన్‌గా రాణించుట ఎట్లు?

ఎమ్మెల్యే టికెట్ రానివారికి, ఎమ్మెల్సీ జాబితాలో చివరి నిమిషంలో పేరు ఎగిరిపోయినవారికి మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక గౌరవప్రదమైన వృత్తి ఉంది: జిల్లా గ్రంథాలయ సంస్థ చైర్మన్‌గిరీ. దీనిపై ఇంతవరకూ ఎవరూ పీహెచ్‌డీ చేయకపోవడం విచారకరం.

అర్హత విషయంలో ఏ వివక్షా లేదు. పుస్తకాలు చదివినవారూ అర్హులే. ఇరవై ఏళ్లు జెండా మోస్తే చాలు, పుస్తకాలు మోయడానికి అటెండరు ఎలాగూ ఉంటాడు.

ప్రమాణ స్వీకారమే ఈ వృత్తికి శిఖరం. ఆ రోజు రీడింగ్ హాల్లో గ్రూప్-2కి చదువుకునే పిల్లల్ని, వాళ్ల సొంత పుస్తకాలతో సహా, వరండాలోకి పంపుతారు. వాళ్ల కుర్చీలు శాలువాలు పట్టుకొచ్చిన నాయకులకు కావాలి మరి. గోడ మీది ‘నిశ్శబ్దము పాటించవలెను’ బోర్డుకు అడ్డంగా ఫ్లెక్సీ కడతారు. బయట డీజే మోగుతున్నప్పుడు ఆ బోర్డు కనిపిస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది కదా.

తర్వాత సాహిత్య సేవ మొదలవుతుంది. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. మనం కడతాం, మున్సిపాలిటీ వసూలు చేస్తుంది, అక్కడితో దానికి ఆ డబ్బు మీద మమకారం పెరిగిపోతుంది. బకాయిలు ఇప్పించండి మహాప్రభో అని చైర్మన్‌గారు రాసే ఉత్తరాలన్నీ కలిపితే ఏడు సంపుటాలు. బీరువాలోకి కొత్తగా చేరే గ్రంథాలు చాలాచోట్ల ఇవే.

ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా వారోత్సవాలు. అప్పుడు అయ్యంకి వెంకటరమణయ్య ఫొటోకు దండ పడుతుంది. నిజానికి ఆయనకు కెరీర్ ప్లానింగ్ బొత్తిగా లేదు. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘం పెట్టించి, ఊరూరా తిరిగి జీవితం ఖర్చు పెట్టేశాడు. పాతూరి నాగభూషణంగారిదీ అదే వరస. 1935లో కృష్ణా కాలువ మీద పడవల్లో జనానికి పుస్తకాలు అందేలా చేశాడు. పడవకు సైరన్ లేదు, నేమ్ ప్లేటూ లేదు. నియోజకవర్గంలో పట్టు ఎలా వస్తుంది?

ప్రభుత్వం మారితే చైర్మన్‌గారు రాజీనామా చేస్తారు, లేదా చేయిస్తారు. కుర్చీ మీది తెల్ల టవల్ మాత్రం కొత్తాయన కోసం ఉతికి పెడతారు. దిగిపోయేటప్పుడు ఎవరికైనా నో డ్యూస్ సర్టిఫికెట్ తలనొప్పే గానీ, ఈయనకు ఐదు నిమిషాల్లో ఇచ్చేస్తారు. ఆయన పేరు మీద తిరిగి రావాల్సిన పుస్తకం ఒక్కటీ ఉండదు.