పదకొండు చోట్లు ఎందుకు, మూడు చాలవా?

ఇక్కడ వియన్నాలో మన తెలుగు సంఘం ఫిబ్రవరిలో హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌కి ఒక్కరోజు ట్రిప్ వేస్తోంది. వాట్సాప్‌లో లిస్టు చూశాను. పదకొండు చోట్లు! వియన్నా నుంచి బస్సులో పోనూ రానూ ఐదారు గంటలు తీసేస్తే ఒక్కో చోటికి అరగంట కూడా మిగలదు. భోజనం అందులోనే, బాత్రూమ్ క్యూ అందులోనే. కమిటీలో ఉన్నవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. అయినా ఈ లిస్టు నాకు నచ్చలేదు.

రెండేళ్ల కిందట అమ్మానాన్న వచ్చినప్పుడు నేనూ ఇదే పని చేశాను. డిసెంబరు చలిలో ఒక ప్యాకేజీ బస్సెక్కించి ప్రాగ్ చూపించాను. దిగు, ఫోటో, ఎక్కు. మూడో స్టాపు తర్వాత అమ్మ దిగడం మానేసింది. "మీరు చూసి రండిరా, ఫోన్లో చూపిద్దువుగాని" అంది. తెనాలి నుంచి అంత దూరం వచ్చి, ప్రాగ్‌లో కూర్చుని ప్రాగ్‌ని ఫోన్లో చూసింది.

పోయిన జనవరిలో మళ్లీ వచ్చారు. ఈసారి రైల్లో, పులిహోర పొట్లంతో, ఫ్లాస్కులో టీతో బుడాపెస్ట్ వెళ్లాం. మైనస్ మూడు డిగ్రీలు. నాన్నకి మంకీ క్యాప్, అమ్మకి జాకెట్ లోపల శాలువా. బూట్లు మాత్రం మంచివి కొన్నాను. కాళ్లు వెచ్చగా ఉంటే మిగతా ఒళ్లు ఎలాగో సర్దుకుంటుంది.

మొదట రెండో నంబరు ట్రాము. డాన్యూబ్ ఒడ్డునే నడుస్తుంది, ఊరు చూడ్డానికి అంతకన్నా చవకైన దారి లేదు. ఆరోజు పొగమంచుకి అవతలి ఒడ్డున కొండ మీద కోట ఉందో లేదో కూడా తెలియలేదు. పార్లమెంటు దగ్గర దిగాం. దాని ఎత్తు 96 మీటర్లు, హంగేరియన్లు ఈ నేలకి వచ్చిన 896వ సంవత్సరానికి గుర్తుగా. ఊళ్లో పెద్ద చర్చి కూడా సరిగ్గా 96 మీటర్లే అని చెప్తే నాన్నకి తెగ నచ్చేసింది. లెక్కల మాస్టారు మరి.

అక్కణ్ణుంచి ఒడ్డు వెంబడి కొంచెం నడిస్తే, గట్టు అంచున చెప్పులు, బూట్లు విడిచి ఉంటాయి. అమ్మ దూరం నుంచి చూసి "ఇక్కడా నదీస్నానాలు చేస్తారా?" అంది. దగ్గరికెళ్తే అన్నీ ఇనుపవి. అరవై జతలు, 2005లో పెట్టారు. 1944-45 చలికాలంలో హిట్లర్ పక్షాన ఉన్న హంగేరీ యారో క్రాస్ ముఠావాళ్లు యూదుల్ని ఈ ఒడ్డుకి తెచ్చి, బూట్లు విప్పించి, కాల్చి నదిలోకి పడేశారు. బూట్లకి ధర పలికేది కాబట్టి విప్పించారు. ఇదంతా చెప్తుంటే అమ్మ వినడం లేదేమో అనుకున్నాను. చేతి గ్లవ్ తీసి, వంగి, ఒక చంటిపిల్లల బూటులో పేరుకున్న మంచుని వేలితో తుడుస్తోంది. ఎంతసేపున్నామో చూసుకోలేదు. ప్యాకేజీ బస్సయితే ఈపాటికి హారన్ కొట్టేది.

తర్వాత మెట్రో. యూరప్ ప్రధాన భూభాగంలో మొట్టమొదటి భూగర్భ మెట్రో ఈ లైనే, 1896 నాటిది. కొన్ని మెట్లు దిగితే ప్లాట్‌ఫారం, మోకాళ్ల నొప్పులవాళ్లకి హాయి. అది నేరుగా సెచేని అనే వేడినీటి స్నానశాలల దగ్గర దింపుతుంది.

అమ్మ స్నానానికి ససేమిరా అంది. ఆమె, నా భార్య పక్కనే మంచు మైదానంలో స్కేటింగ్ చూస్తూ కాఫీకి కూర్చున్నారు. నేనూ నాన్నా లోపలికెళ్లాం. తలుపు నుంచి నీళ్ల దాకా ఆ పది అడుగులే నరకం. నీళ్లలో దిగాక చలి ఎక్కడో మర్చిపోయాం. భూమిలోంచి 70 డిగ్రీలు దాటిన వేడితో వచ్చే నీళ్లవి, చల్లార్చి వదులుతారు. ఆవిరి ఎంత దట్టంగా ఉందంటే నాన్న గొంతే వినిపిస్తోంది గానీ మనిషి కనిపించడు. "భద్రాచలం దగ్గర గుండాలలో కూడా ఇంతేరా, ఇసుక తవ్వితే వేణ్ణీళ్లు" అంటున్నారు. వెతికితే, గుండెల్లోతు నీళ్లలో చదరంగం ఆడుతున్న ఇద్దరు ముసలాళ్ల పక్కన చేరి ఎత్తులు చూస్తున్నారు. ఎండాకాలంలో అయితే ఇది ఒట్టి ఈతకొలను. ఆ ఆవిరి చలి పెట్టే భిక్షే.

అమ్మానాన్నలకి వీసా ఉండేదే తొంభై రోజులు, మళ్లీ వస్తారో రారో అన్న ఆత్రం నాకూ తెలుసు. కానీ జనవరిలో నాలుగుంపావుకే సూర్యుడు దిగిపోతాడు, ఫిబ్రవరిలో ఇంకో గంట దక్కుతుందేమో. ఆ కాస్త వెలుగులో పదకొండు ఎక్కడ పడతాయి? అందుకే కమిటీకి నా మాట: నది ఒడ్డు, ట్రాము, స్నానం ఉంచండి. మిగతా ఎనిమిదీ కొట్టేయండి.

తిరుగు రైల్లో అమ్మ ఎర్ర టోపీ పెట్టుకుని స్కేటింగ్ చేసిన ఒకావిడ గురించే చెప్పింది, "నా వయసే ఉంటుందిరా" అని. కొండ మీద కోట చూడలేకపోయామని నేను సంజాయిషీ మొదలుపెడితే నాన్న కళ్లు తెరిచి "ఏ కోట?" అన్నారు.