ఏడుపు రాలేదే!

అప్పగింతలప్పుడు పెళ్ళికూతురి కళ్ళు పొడిగా ఉంటే చుట్టాలు ఊరుకోరు కదా, "చూశావా, చుక్క నీరు లేదు" అని ఆ ముచ్చట భోజనాల దాకా మోస్తారు. సరిగ్గా అలాంటి టెన్షనే 1771లో లేడీ లూయిసా స్టూవర్ట్ అనే 14 ఏళ్ళ ఇంగ్లీషు పిల్లకి పట్టుకుంది. పెళ్ళికి కాదు లెండి, ఒక నవల చదవడానికి.

ఆ నవల పేరు 'ది మ్యాన్ ఆఫ్ ఫీలింగ్'. రాసింది హెన్రీ మెకెంజీ అనే ఎడిన్‌బరో లాయరు. ఇంట్లో అమ్మ చదివి ఏడ్చింది, అక్కలు చదివి ఏడ్చారు, అంతా మళ్ళీ మళ్ళీ తలుచుకుని మురిసిపోతున్నారు. ఇక మిగిలింది ఈ పిల్ల. సరిపడా ఏడవకపోతే తనకి మనసే లేదనుకుంటారేమో అని లోపల ఒకటే బెంగ. ఈ సంగతి పెద్దయ్యాక తనే రాసింది.

పిల్లనని ఏం లాభం, రోజులే అలాంటివి. యూరప్ అంతా సెంటిమెంటలిజం గాలి వీస్తోంది. ఎదుటివాళ్ళ కష్టానికి కరిగేవాడే మంచివాడు, బుర్ర కంటే గుండె గొప్పది అన్నారు. నాకూ నచ్చే మాటే. కానీ గుండె కరిగిందో లేదో పక్కవాళ్ళకి తెలిసేదెలా? కళ్ళకేసి చూడాలి, అక్కడే వచ్చింది చిక్కంతా. పారిస్‌లో గ్రూజ్ అనే చిత్రకారుడు చచ్చిపోయిన పిట్ట కోసం దిగులుపడుతున్న అమ్మాయి బొమ్మ వేసి 1765 ప్రదర్శనలో పెడితే, తత్వవేత్త దిదెరో అంతటి మేధావి ఆ పిల్లతో మాట్లాడుతూ, ఓదారుస్తూ వ్యాసం రాశాడు. బొమ్మని ఓదార్చాడండీ!

లూయిసా వాళ్ళ అమ్మమ్మ సంగతి ఇంకా బావుంటుంది. ఆవిడ మేరీ వర్ట్లీ మాంటెగ్యూ, టర్కీలో మశూచికి టీకా వేసే పద్ధతి చూసొచ్చి ఇంగ్లండులో పట్టుబట్టి ప్రచారం చేసిన గట్టి మనిషి. నవలాకారుడు రిచర్డ్‌సన్ అంటే ఆవిడకి ఒళ్ళుమంట, అయినా అతని పుస్తకం దొరికితే వదిలేది కాదు, 'క్లారిస్సా' చదివి పాలు పితికే పడుచుపిల్లలా ఏడ్చానని ఉత్తరంలో తనని తానే తిట్టుకుంది. అమ్మమ్మకేమో వద్దన్నా ఆగలేదు, మనవరాలికి రమ్మన్నా వస్తుందో రాదో!

ఇంతకీ ఆ నవలలో ఏముందంటే, ముందుగా మొదటి పది అధ్యాయాలు లేవు. ఆ కాగితాలు ఒక పాదరీ చేతికి చిక్కితే, వేటకెళ్ళినప్పుడు చింపి తుపాకీలో కుక్కేశాడట. కథ 11వ అధ్యాయంతో మొదలవుతుంది. హీరో హార్లీ పిచ్చాసుపత్రి చూడ్డానికి వెళ్ళి ఏడుస్తాడు, ముసలి సైనికుడి కథ విని ఏడుస్తాడు, మిస్ వాల్టన్ మీద ప్రేమని మాత్రం పైకి చెప్పడు. చివరికి జబ్బుపడి, ఆవిడకీ తనంటే ఇష్టమేనని తెలిసిన మరుక్షణం ప్రాణం వదిలేస్తాడు. ఇంత మంచి కబురు తట్టుకోలేకపోయాడు పాపం.

రాసినాయన కూడా ఇంత మెత్తనివాడనుకునేరు. లోకం తెలిసిన గట్టి పిండం. ఓసారి కోడిపందెం చూసొచ్చి హుషారుగా చెబుతుంటే, "హ్యారీ, హ్యారీ, నీ ఫీలింగంతా కాగితం మీదే" అని భార్య అంటించిందని చెప్పుకుంటారు. (గోదావరి జిల్లాల వాళ్ళు ఇక్కడ నవ్వకూడదు.)

1826కి వద్దాం. లూయిసా దొరసానికి 70 దగ్గర పడుతున్నాయి. ఒక సాయంత్రం నలుగురూ చేరి ఏదైనా పైకి చదువుకుందాం అనుకున్నారు. నవలాకారుడు వాల్టర్ స్కాట్ మెకెంజీ గురించి ఏదో గొప్పగా చెప్పి ఉన్నాడు కాబట్టి ఈ నవలే తీశారు. మిగతావాళ్ళెవరూ చదివింది కాదు, మరీ ఏడిపించేస్తుందేమో అని కొందరు ముందే భయపడ్డారు కూడా. చదివే పని లూయిసాదే. ఒక్కసారి ఊహించుకోండి, గొంతు కాస్త తగ్గించి, ఫలానా చోటు రాగానే క్షణం ఆగి, కళ్ళజోడు మీదుగా అందరి ముఖాలూ చూసి ఉంటుంది. ఒక్కరూ ఏడవలేదు. ఏడవకపోతే పోయె, తను చిన్నప్పుడు ఆహా అనుకున్న చోట్లే వాళ్ళు పకపకా నవ్వారు!

పుస్తకం మారిందా, నేను మారానా అని పెద్దావిడ గిలగిలలాడి స్కాట్‌కే ఉత్తరం రాసింది. ఎవరికి రాసిందో చూడండి, తన 'వేవర్లీ' నవలని ఈ మెకెంజీకే అంకితమిచ్చిన మనిషికి! మెకెంజీ అప్పటికి బతికే ఉన్నాడు, 81 ఏళ్ళు. ఆ గదిలో లేడు, అదృష్టం.

తర్వాత 1886లో హెన్రీ మోర్లీ అనే ఆయన ఈ నవలని మళ్ళీ అచ్చు వేయించాడు. పనిలో పనిగా ఎవరు ఏ పేజీలో కన్నీళ్ళు పెట్టుకున్నారో ఏరి, పుస్తకంలోనే ఒక పట్టిక పెట్టాడు. గొంతు పూడుకుపోవడాలు వగైరా లెక్కలోకి తీసుకోలేదని పైన ఒక గమనిక కూడా.