మెల్లగా తిప్పండి, వచ్చేస్తుంది

“ఇప్పుడు మెల్లగా తిప్పండి, వచ్చేస్తుంది.”

ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. పాత కారు సైలెన్సర్‌ను ఇంటి దగ్గరే ఎలా మార్చుకోవాలో చెప్పే పెద్దమనిషి. కొత్త గ్లవ్స్, ఇస్త్రీ చొక్కా, వెనకాల పూలకుండీ. గొట్టాలను కలిపి బిగించే క్లాంప్ విప్పాడు, రెండు చుక్కలు నూనె కొట్టాడు, ఆ మాట అన్నాడు. మరుక్షణం గొట్టం ఊడి ఆయన చేతిలో ఉంది. “చూశారా, ఎంత సింపులో!” చూశాను మహానుభావా. నువ్వు ‘తిప్పండి’ అన్నప్పుడు గోడకు ఎడంపక్కనున్న నీ నీడ, ‘చూశారా’ అనేసరికి కుడిపక్కకు రావడం కూడా చూశాను. కాకపోతే ఆలస్యంగా, ఆదివారం సాయంత్రం, ఒళ్లంతా తుప్పురజనుతో కూర్చుని రెండోసారి చూశాను.

ఆయన మింగేసిన సంగతులు కొన్నున్నాయి. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. అవి ఆవిరై వెనక గొట్టంలోంచే పోవాలి. హైదరాబాదు దాకా తోలితే సైలెన్సర్ బాగా కాగి తేమంతా ఆరిపోతుంది. నా కారు పన్నెండేళ్లుగా తిరిగింది ఇంటి నుంచి సి.క్యాంపు రైతు బజారుకు, రైతు బజారు నుంచి ఇంటికి. టమోటాలు ఇంటికొచ్చాయి, నీళ్లు గొట్టంలోనే నిలిచాయి. ఎండాకాలం కర్నూలు కుళాయిల్లో రాని నీళ్లు నా సైలెన్సర్‌లో నిల్వ ఉన్నాయన్నమాట.

తుప్పుకు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు కావాలి. ఒక గొట్టంలో ఇంకో గొట్టం దూర్చిన ఆ సందులో అది చేరి ఉబ్బిందంటే, అద్దెకు దిగి ఇల్లు రాయించుకున్నట్టే. పైగా యూ క్లాంప్ ఒకటి. నట్టు బిగించేకొద్దీ అది రెండు గొట్టాలనూ కలిపి నొక్కి గాడి పెడుతుంది. క్లాంప్ తీసేసినా గాడి పోదు. తిప్పి లాగాలంటే ఒక గాడి ఇంకో గాడిని దాటాలి. దీన్ని మెల్లగా దాటించే మొనగాడెవరైనా ఉంటే మా వీధికి తీసుకురండి, దండేసి ఊరేగిస్తాం.

అన్నట్టు, ఆయన కొట్టిన రెండు చుక్కల విషయం. ఆ డబ్బా నూనె పేరు డబ్ల్యూడీ-40. అమెరికాలో పుట్టింది 1953లో. నలభయ్యోసారికి కుదిరింది కాబట్టి 40. నీటిని తోసేసి తుప్పు పట్టకుండా కాపాడడానికి చేసిన మందు అది. పన్నెండేళ్ల తుప్పును రెండు నిమిషాల్లో బుజ్జగించడానికి చేసింది కాదు. అదే 1953లో మా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. రాజధాని మూడేళ్లకే వెళ్లిపోయింది, ఆ డబ్బా మాత్రం ఇప్పటికీ ప్రతి షాపులో దొరుకుతోంది. రాజధానిని ఎంత మెల్లగా తిప్పారో, ఎంత తొందరగా ఊడొచ్చిందో మా తాతలకు తెలుసు.

సరే, ఆదివారం పొద్దున. జాకీ కింద నేల దిగబడకుండా బేతంచెర్ల బండ ముక్క వేశాను, కారు లేపాను, వెనక చక్రం దగ్గర రెండు ఇటుకలు పేర్చాను, వెల్లకిలా దూరాను. క్లాంప్ నట్టుకు పానా వేస్తే అంచులరిగి గోలీకాయలా గుండ్రమైంది. ఇంకాస్త బలం పెడితే బోల్టే తెగింది. ఆ రోజు సులువుగా ఊడింది అదొక్కటే. గొట్టం పట్టుకుని మెల్లగా తిప్పాను. కారు మెల్లగా ఊగింది.

వీధిలో ఒక మనిషి కారు కింద పడుకుంటే మన ఊళ్లో అది జాతర. పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టర్‌గారు కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నారు. “ఏమప్పా, రాలేదా?”

“రావట్లేదు సార్.”

“వేడి చెయ్యల్ల. వేడికి లోహం వ్యాకోచిస్తుంది. పైగొట్టం విచ్చుకుంటుంది.”

సిద్ధాంతం నిజమే. లెక్క వేస్తే, 45 మిల్లీమీటర్ల గొట్టం ఇంకో 400 డిగ్రీలు వేడెక్కితే విచ్చుకునేది 0.2 మిల్లీమీటర్లు. ఆ కాస్త కోసం, ఇంతకుముందే నూనె కొట్టి తడిపిన చోట, పెట్రోలు ట్యాంకుకు రెండు జానల దూరంలో, మంట పెట్టమంటారు సార్. పాఠం చెప్పినంత శ్రద్ధగా చెప్పారు.

పాలాయన బండి ఆపి కిరసనాయిల్ అన్నాడు. ఎవరో కొబ్బరినూనె అన్నారు. ఒకావిడ చింతపండు అంది, ఇత్తడి చెంబులకు పనిచేస్తుందని. ఇంతలో మా బామ్మర్ది దిగాడు. వాడికి సలహాల మీద నమ్మకం లేదు, కండల మీదే. నేలమీద చతికిలబడి, రెండు కాళ్లూ బంపర్‌కు తన్నిపెట్టి, రెండు చేతులా గొట్టం పట్టి, “బావా, నువ్వు అటు తిప్పు, నేను ఇటు గుంజుతా” అన్నాడు. తిప్పాను. గుంజాడు. పాలాయన వాడి నడుం పట్టుకున్నాడు. పాలాయన నడుం ఇంకెవరో పట్టుకున్నారు. “ఐలేసా” మొదలైంది. సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బర్లు సాగుతున్నాయి, కారు వెనక్కి వస్తోంది, గొట్టం మాత్రం రావట్లేదు. దేవరగట్టు కర్రల సమరంలో ఉత్సవమూర్తిని కూడా ఇంత పట్టుదలగా గుంజరు. మా ఆవిడ మజ్జిగ తెచ్చింది. మజ్జిగ తాగి మళ్లీ గుంజారు. హెడ్మాస్టర్‌గారు “లయ తప్పుతున్నారు, లయ” అని చప్పట్లతో తాళం వేశారు. బేతంచెర్ల బండ టప్పుమని రెండు ముక్కలైంది. కారు జానెడు దిగి ఇటుకల మీద ఆగింది. నేను అప్పుడు అదృష్టవశాత్తూ మజ్జిగ కోసం బయటికొచ్చి ఉన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జాకీ ఇంకోచోట పెట్టి కారు మళ్లీ లేపాం. అప్పుడు హెడ్మాస్టర్‌గారే అన్నారు: “షెడ్డులో బుడ్డోడు ఉన్నాడు కదా, వాణ్ణి పిల్చండప్పా. సన్నగుంటాడు, దూరతాడు.”

వచ్చాడు. పన్నెండేళ్లుంటాయేమో. చెప్పుల్లేవు. మోచేతి దాకా గ్రీజు. ఎవరితోనూ మాట్లాడకుండా, పగిలిన బండను పక్కకు తోసి, అప్పుడే జానెడు దిగిన కారు కిందికి దూరిపోయాడు. ఒక్కరూ ఆగమనలేదు. వాడు దూరడం మనకు అంత అలవాటు. ఊళ్లో ఏ షెడ్డు ముందు నిలబడినా కారు కింద నుంచి రెండు చిన్న కాళ్లు కనిపిస్తాయి, మనం టీ తాగుతూ “అయిందా రా?” అంటాం. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించి, పరాయివాడి షెడ్డులో 14 ఏళ్ల లోపు పిల్లాడు ఏ పనీ చేయకూడదని రాశారు. రాసిన కాగితం యాడుందో గానీ, పిల్లాడు నా కారు కింద ఉన్నాడు. జాకీ ఉన్నది చక్రం మార్చడానికి. కిందికి మనిషి దూరాలంటే కారు బరువు మోసే స్టాండ్లు ఉండాలి, ఇటుక బరువుకు చెప్పాపెట్టకుండా పొడి అయిపోతుంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ డబ్బులు దండగని స్టాండ్లు కొనని దరిద్రుణ్ణి నేనే. వాడి కాలు పట్టుకుని బయటికి లాగాను. అరిచాను కూడా, ఎవరి మీదో తెలియదు. వాడు నేనేదో కొడతానని చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“ఏ తరగతి రా?” హెడ్మాస్టర్‌గారు అడిగారు.

“ఐదు దాకా సార్.”

“ఊఁ” అని ఆయన మజ్జిగ గ్లాసు ఎత్తారు. ముప్పయ్యేళ్లు బడి నడిపిన మనిషి!

పిల్లాడు గట్టు మీద కూర్చుని మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, నాతో అన్నాడు: “అది తిప్పితే రాదు సార్. పైది ఎట్లా పారేసేదే కదా. నిలువుగా కోసి ఉలి పెట్టల్ల. లోపలిదానికి తగలకుండ.”

పొద్దుట్నుంచీ ఇంతమందిమి గుంజుతున్నాం గానీ, ఏ గొట్టం ఉంచుకోవాలి, ఏది పారేయాలి అని ఒక్కడూ అడగలేదు. సైలెన్సర్ ఎలాగూ కొత్తది వేస్తున్నా, దాని గొట్టమే పైది. సందు చివర వెల్డింగ్ షాపు నుంచి రెండు స్టాండ్లు అడిగి తెచ్చాను. కారు వాటి మీద ఆనించాక నేనే దూరి, హ్యాక్‌సా బ్లేడు గుడ్డ చుట్టి పట్టుకుని అంగుళంన్నర పొడవున కోశాను. నలభై నిమిషాలు పట్టింది. ఉలి పెట్టి సుత్తితో తట్టితే పెదవి విచ్చుకున్నట్టు అంచు లేచింది, గాడి దగ్గర ఎర్రటి పొడి జలజలా కళ్లలో రాలింది. అప్పుడు తిప్పాను. మెల్లగానే. వచ్చేసింది.

రాత్రి మా బామ్మర్ది స్టేటస్ పెట్టాడు. తొమ్మిది సెకన్లు. కారు కింద నా చేతులు, గొట్టం ఊడిరావడం, వాడి గొంతు: “చూశారా, మా బావ మెల్లగా తిప్పాడు, వచ్చేసింది!”

పిల్లాడు అందులో లేడు.