సవరణ: తోడి రాగిణి బొమ్మకు ఏ తోడి?

రాగమాల చిత్రాల (రాగాలను మనుషుల రూపంలో చూపే పాతకాలపు బొమ్మల) మీద పెట్టిన పోస్టులో "తోడి వింటూ ఈ బొమ్మ చూడండి" అని ఉంది. చాలామంది కర్ణాటక తోడి పెట్టుకుని విన్నారట. దాన్ని "హిందుస్తానీ తోడి" అని చదువుకోండి. దాని స్వరాలు మన కర్ణాటక రాగం శుభపంతువరాళికి దగ్గర. మన తోడి స్వరాలేమో ఉత్తరాది భైరవి వైపు ఉంటాయి.

అలాగని రాగం మార్చగానే బొమ్మ అతికినట్టు సరిపోతుందనుకోవద్దు. ఆ చిత్రకారులు ఎక్కువగా అనుసరించింది రాగాన్ని నాయకుడిగా, రాగిణిని నాయికగా వర్ణించే పద్యాలనే, స్వరాలను కాదు. మామూలుగా 6 రాగాలు, ఒక్కోదానికి ఐదుగురు రాగిణులు, వెరసి 36 బొమ్మలు. రాజస్థాన్, పహాడీ (హిమాలయాల కొండ ప్రాంతపు) సంస్థానాల్లోనే కాదు, దక్కన్‌లోనూ వేశారు.

తోడి నాయిక ప్రియుడు దగ్గర లేక వీణ పట్టుకుని అడవిలో నిలబడుతుంది. ఆ నాదానికి జింకలు చుట్టూ చేరతాయి. కకుభ రాగిణి దగ్గరికైతే నెమళ్లు. విలావల్ అనే ఇంకో రాగిణికి ఇంకా ఆశ పోలేదు. ప్రియుడు వస్తాడని అద్దంలో చూసుకుంటూ కమ్మలు పెట్టుకుంటోంది. (నాకైతే తోడి కన్నా ఈమెను చూస్తేనే ఎక్కువ దిగులు.)

పోస్టులోని బొమ్మ మాత్రం తోడిదే, దాన్ని మార్చలేదు.