క్యాన్సర్ వచ్చాక బీడీ మానితే మనిషి పోతాడా?

దేవరకొండ వైపు వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "క్యాన్సర్ వచ్చినంక బీడీ మానొద్దు, ఒంటికి షాక్ తగిలి తొందరగా పోతరు. వచ్చింది ఎట్లాగూ పోదు, మానితే ఏం లాభం? కరెంటు (రేడియేషన్) పెడుతున్నరు కదా, అదే చూసుకుంటది. మా తాత తొంభై ఏండ్లు తాగిండు, ఏం కాలే." గొంతు క్యాన్సర్‌తో ఉన్న మా పెద్దనాయనకు ఎవరో ఇది చదివి వినిపించారు. ఆ రాత్రే ఆయన దిండు కింద మళ్లీ బీడీ కట్ట కనిపించింది.

ఈ షాక్ భయం ఎక్కడిదో నాకు తెలుసు. పాలమూరు జిల్లాలో కల్తీ కల్లు దొరక్క ఫిట్స్ వచ్చి ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు. కల్లు, సారా ఉన్నట్టుండి ఆపితే ప్రమాదమే, డాక్టరుకు చెప్పే ఆపాలి. బీడీ సంగతి వేరు. చిరాకు, నిద్ర పట్టకపోవడం, టెన్షన్ మొదటి వారం గట్టిగా ఉంటాయి, మూడు నాలుగు వారాల్లో తగ్గుతాయి. ప్రాణం మీదికి రావు.

"మానితే ఏం లాభం" అన్నదానికి లెక్కలున్నాయి. మాస్కోలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తొలి దశల్లో ఉన్న 517 మంది పొగతాగేవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2021లో ఫలితాలు ప్రచురించారు. జబ్బు తెలిశాక మానినవాళ్లలో అయిదేళ్లకు నూటికి 61 మంది బతికున్నారు, మాననివాళ్లలో 49 మందే. జబ్బు ముదరనివాళ్లే మానారేమో అనుకోవచ్చు. కానీ ఎవరి జబ్బు ఏ దశలో ఉందో లెక్కగట్టి చూసినా తేడా నిలిచింది. సగటున చూస్తే దాదాపు 22 నెలల ఆయుష్షు. మన లెక్కలో రెండు వానాకాలం పంటలు.

ఇక కరెంటు, అంటే రేడియేషన్. అది గడ్డ మీద బాగా పనిచేయాలంటే అక్కడ ఆక్సిజన్ ఉండాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆ ఆక్సిజన్ చోటును కాజేస్తుంది. 1993లో కెనడా డాక్టర్లు తల, మెడ క్యాన్సర్ రోగుల మీద ప్రచురించిన పరిశీలనలో, రేడియేషన్ నడిచినన్నాళ్లూ పొగతాగినవాళ్లలో నూటికి 45 మందికే గడ్డ పూర్తిగా కరిగింది. తాగనివాళ్లలో 74 మందికి కరిగింది. తెల్లారకముందే బస్సెక్కి హైదరాబాద్ పోయి, గంటలు కూర్చుని కరెంటు పెట్టించుకుని, బస్టాండులో బీడీ ముట్టిస్తే ఆ కష్టంలో ఎంత వృథా అవుతుందో చూడండి.

తాత సంగతంటారా, ఆయనకు క్యాన్సర్ రాలేదు. మనం మాట్లాడేది వచ్చినవాళ్ల గురించి.

ఒక్కరే మానలేకపోతే 1800-11-2356కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు. ఇంకా తాగుతున్నట్టయితే రేడియేషన్ డాక్టరు దగ్గర దాచొద్దు. మా పెద్దనాయన పోయిన వారం చెప్పేశాడు. డాక్టరు తిట్టలేదు, నికోటిన్ చూయింగ్ గమ్ గురించి మాట్లాడారు.