ఊరితో పనిలేకపోవడమే హోదానా?

కర్నూల్లో ఇల్లు కొనాలనుకున్నవాళ్లు ధర కంటే ముందు అడిగేది "ఏరియా ఎట్లాంటిది?" అని. వెంకటరమణ కాలనీ అంటే ఒక రకంగా చూస్తారు, వన్ టౌన్ అంటే ఇంకో రకంగా చూస్తారు. పెళ్లిసంబంధాల్లో కూడా అబ్బాయి జీతం తర్వాత వచ్చే ప్రశ్న ఇల్లెక్కడనే. వెంకటరమణ కాలనీకి అంత పేరెందుకు వచ్చిందంటే రోడ్లు వెడల్పనీ, గోల ఉండదనీ, డాక్టర్లూ కాంట్రాక్టర్లూ ఉంటారనీ చెబుతారు. అవన్నీ పైపై కారణాలు. అక్కడి మనిషికి కర్నూలుతో ఎంత తక్కువ పని పడుతుందో, కాలనీ హోదా అంత ఎక్కువ. బోరు సొంతం, తాగేనీళ్ల ప్లాంటు సొంతం, కరెంటు పోతే జనరేటర్ ఉంది. చెత్తకొక మనిషి, కాపలాకొక మనిషి. పిల్లల చదువు హైదరాబాద్‌లో, ఒంట్లో బాగాలేకపోతే పరుగు కూడా అక్కడికే. ఊరితో ముడి ఎంత తెగితే సెంటు రేటు అంత పెరుగుతోంది.

నమ్మకం కుదరకపోతే రియల్ ఎస్టేట్ బ్రోచర్ ఏదైనా ఒకటి తెరవండి. హైవేకి ఐదు నిమిషాలు, ఓర్వకల్లు ఎయిర్‌పోర్టుకు ఇరవై నిమిషాలు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. రైతుబజారు ఎంత దూరమో, పెద్దాసుపత్రికి ఆటో దొరుకుతుందో లేదో ఎక్కడా ఉండదు. ఊళ్లోంచి ఎంత తొందరగా బయటపడొచ్చో చెప్పి ఊళ్లో స్థలం అమ్ముతున్నారు. కొనేవాళ్లు కూడా అదే చూసి కొంటున్నారు. ఆ కాగితం తయారుచేసినవాడు మన సమాజాన్ని బాగానే చదివాడు.

ఈ ఊళ్లో హోదా ఎప్పుడూ ఇట్లాగే లేదు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు ఉద్యోగులకు ఇళ్లు లేక డేరాలు వేసిన సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు పేర్లు ఆ రోజుల గుర్తులే. రాజధాని 1956 నవంబర్ 1న హైదరాబాద్‌కు వెళ్లిపోయినా క్యాంపులు మిగిలాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు ఈ ఊళ్లో మర్యాద అంటే సి క్యాంపులో క్వార్టర్సే. ఆఫీసరు గారి ఇంటికీ, ఆయన ఆఫీసులో అటెండరు ఇంటికీ నీళ్లొచ్చే పైపు ఒకటే, సంత ఒకటే. కొళాయి రాకపోతే ఆఫీసరు గారి భార్యే ముందు కేకలేసేది, ఆ కేకతో వీధి మొత్తానికీ నీళ్లొచ్చేవి. ఆ కాలం బంగారుకాలమని నేననను. కులం లెక్కలు అప్పుడూ ఉన్నాయి, క్వార్టర్సులోనూ పెద్దవీ చిన్నవీ ఉన్నాయి. కానీ పెద్దవాళ్లకు ఊరి అవసరం ఉండేది. ఇప్పుడు పోయింది అదే.

మధ్యలో 2009 వరద వచ్చింది. ఆ అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచేసిన తర్వాత స్థలాల బేరం తీరే మారింది. ఇప్పటికీ ఏ మధ్యవర్తి అయినా మొదట చెప్పే మాట "సార్, ఇక్కడ 2009లో చుక్క నీరు రాలేదు" అని. పాత ఇళ్ల గోడల మీద ఆ వరద మట్టం గీతను సున్నం కొట్టి దాచినా, దాని కిందున్న వీధులకూ పైనున్న వీధులకూ రేట్లలో తేడా మాత్రం దాగలేదు. మెట్ట కోసం వెతకడం తప్పు కాదు. ప్రాణభయం ఎవరికైనా ప్రాణభయమే. అయితే మెట్ట దొరికినవాళ్లు పల్లంలో ఉన్నవాళ్ల సంగతి అంతటితో మర్చిపోయారు. హంద్రీ ఒడ్డున ఇళ్లు ఇంకా ఉన్నాయి, వాటిలో మనుషులూ ఉన్నారు.

కాలనీ గేటు సంగతి చూద్దాం. వాచ్‌మన్ దగ్గర పొడుగాటి నోట్‌బుక్ ఒకటి ఉంటుంది. పేరు, ఫోను నంబరు, ఎవరింటికి, ఏం పని, ఎన్నింటికి వచ్చారు. కారులో వచ్చినవాళ్లు అద్దం దించి చెయ్యి ఊపితే చాలు, గేటు తెరుచుకుంటుంది. కల్లూరు వైపు నుంచి నడిచి వచ్చే పనిమనిషి మాత్రం రోజూ రాయాలి. రాయడం రాకపోతే వాచ్‌మనే రాసుకుంటాడు, ఆమె పక్కన నిలబడాలి. అదే గేటు ముందు బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జి అమ్మే బండి పెట్టనివ్వరు, కాలనీ లుక్కు పోతుందట. ఆదివారం పొద్దున మాత్రం ఆ ఇళ్లవాళ్లే కారేసుకొని ఊళ్లోకి వచ్చి, బండి పక్కన ఆపి, ఏసీ ఆపకుండా కార్లోనే కూర్చుని ప్లేట్లు తెప్పించుకుంటారు. ఉగ్గాని రుచి కావాలి, ఉగ్గాని అమ్మేవాడి పొరుగు వద్దు.

చట్టం ప్రకారం చూసినా ఈ గేట్లలో చాలావాటికి నిలబడే కాళ్లు లేవు. లేఅవుట్‌కు అనుమతి తీసుకున్నప్పుడే లోపలి రోడ్లనూ, పార్కు కోసం వదలాల్సిన 10 శాతం ఖాళీ స్థలాన్నీ స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. రాసిచ్చాక అది ఊరి రోడ్డు, ఊరి పార్కు. గేటెడ్ కమ్యూనిటీ కింద వేరేగా అనుమతి తెచ్చుకున్నవాటి సంగతి వేరు. మామూలు లేఅవుట్‌లో ఇళ్లవాళ్లంతా చందాలేసుకొని ఇనుప గేటు బిగిస్తే, అది ఊరి ఆస్తికి తాళం వేయడమే. పేదవాడు రోడ్డు పక్కన నాలుగు రేకులు పాతితే ఆక్రమణ అని జేసీబీ వస్తుంది. ఇక్కడ రోడ్డుకే గేటు పెట్టినా వెల్‌ఫేర్ అసోసియేషన్ అంటారు.

"కష్టపడి సంపాదించుకున్నాం, పిల్లలు భయం లేకుండా సైకిల్ తొక్కుకునే వీధి కావాలనుకుంటే నేరమా?" అని అడిగేవాళ్లున్నారు. నేరం కాదు. మున్సిపాలిటీ పని చేయదు కాబట్టే మా తిప్పలు మేం పడుతున్నామనే మాటలోనూ కొంత నిజం ఉంది. కానీ ఆ వాదన ఒక సంగతి దాటేస్తుంది. మున్సిపాలిటీని అడిగి పని చేయించగలిగిన నోరు వాళ్లదే. వాళ్లు అడగడం మానేశాక మున్సిపాలిటీ ఇంకెవరికి భయపడుతుంది?

నీళ్ల దగ్గర ఇది అన్నిటికంటే బాగా తెలుస్తుంది. కర్నూలు తాగేది తుంగభద్ర నీళ్లు. సుంకేసుల బ్యారేజీ నుంచి కేసీ (కర్నూలు-కడప) కెనాల్ మీదుగా సమ్మర్ స్టోరేజీ ట్యాంకుకు వస్తే, అక్కడ శుద్ధి చేసి ఊరికి వదులుతారు. ఎండాకాలంలో సుంకేసుల అడుగంటితే గాజులదిన్నె ప్రాజెక్టు నుంచి హంద్రీలోకి నీళ్లు వదలమని అడుక్కోవాలి. అంటే ఈ ఊరి గొంతు ఒకే కాలువ మీద ఆధారపడి ఉంది. ఇట్లాంటి ఊళ్లో కొళాయి రెండు రోజులు రాకపోతే కలెక్టరేట్ ఫోన్లు మోగిపోవాలి. మోగవు. ఎందుకంటే ఫోన్ చేస్తే పని జరిగే మనుషుల ఇళ్లలో బోరు ఉంది, లేదంటే ట్యాంకర్ వస్తుంది. కొళాయి దగ్గర బిందెలు పెట్టుకొని కూర్చున్న ఆడవాళ్లు ఫోన్ చేస్తే అవతల ఎత్తేవాడు లేడు. ఇక ఆ సొంత బోరు నీళ్లయినా సొంతమా అంటే అదీ కాదు. భూమి కింద కాంపౌండ్ గోడ ఉండదు. ఒక కాలనీలో బోర్లు లోతుకు దించినకొద్దీ పక్క వీధి చేతిపంపు ఎండిపోతుంది. స్వయంసమృద్ధి అని వాళ్లు అనుకునేదాని బిల్లు పక్కవాళ్లు కడుతున్నారు.

అద్దె ఇళ్ల సంగతీ చెప్పాలి. "మీరేమోళ్లు?" అన్న ప్రశ్న దాటకుండా మంచి ఏరియాలో ఇల్లు దొరకదు. జవాబు నచ్చకపోతే మొహం మీద లేదని చెప్పరు, "మా అబ్బాయి వస్తున్నాడు, ఇల్లు ఇవ్వట్లేదు" అంటారు. టులెట్ బోర్డు మాత్రం ఇంకో నెల వేలాడుతూనే ఉంటుంది. ముస్లింలు ఇంత పెద్ద సంఖ్యలో, ఇన్ని వందల ఏళ్లుగా ఉన్న కర్నూల్లో ముస్లిం లెక్చరర్ జీతం చూపించినా కొన్ని వీధుల్లో గది దొరకదు. దళిత ఉద్యోగి పరిస్థితీ అంతే. కాలనీ వాతావరణం చెడకూడదు అనే మాటకు అసలు అర్థం ఇదే.

ఈ జబ్బు కాలనీలతో ఆగితే ఇంత రాయాల్సిన పని లేదు. సీమ మొత్తానికీ ఇదే పట్టింది. మనకు ముఖ్యమంత్రులకు కొదవ లేదు. సంజీవరెడ్డి అనంతపురం జిల్లా, సంజీవయ్య కర్నూలు పక్క పెద్దపాడు, కోట్ల విజయభాస్కరరెడ్డి కర్నూలు జిల్లా, రాజశేఖరరెడ్డి కడప. 1937లో కోస్తా నాయకులతో చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో సీమకు మొదటి హక్కు రాసుకున్నాం. అయినా ఇప్పటికీ ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు బస్సెక్కుతున్నాయి. కారణాలు చాలా చెబుతారు, కోస్తా పెత్తనం అనేది అన్నిటికంటే తేలికైనది. నేను మాత్రం ఇంటివైపే చూపిస్తాను. సీమలో నాలుగు డబ్బులు చేసుకున్న ప్రతివాడికీ అసలు ఇల్లు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంది. ఇక్కడిది పండక్కీ పబ్బానికీ, ఓట్లకూ తెరిచే ఇల్లు. అట్లాంటి ఇళ్లు ఎక్కువగా ఉన్న కాలనీకే రేటు ఎక్కువ. సీమ నీళ్ల కోసం గట్టిగా పోరాడాల్సినవాళ్లకు కృష్ణా నీళ్లు హైదరాబాద్‌లో కొళాయి తిప్పితే వస్తున్నాయి, ఇక పోరాటం ఎవరు చేస్తారు?

ఇప్పుడు హైకోర్టు బెంచ్ మాట నడుస్తోంది. 2020లో మూడు రాజధానుల చట్టం తెచ్చి కర్నూలును న్యాయరాజధాని అన్నారు, 2021లో ఆ చట్టం వెనక్కి తీసుకున్నారు. 2024 నవంబర్‌లో కర్నూల్లో బెంచ్ పెట్టాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. మాట పుట్టిన ప్రతిసారీ ముందు కదిలేది స్థలాల మధ్యవర్తులే. బెంచ్ రావాలి, అది మన హక్కు. కానీ భవనం ఎక్కడ కడతారన్న చర్చ ఒక్కటే సరిపోదు. వచ్చే జడ్జీలూ, వకీళ్లూ, ఉద్యోగులూ ఎక్కడుంటారు? సి క్యాంపులో లాగా ఊరి మధ్య క్వార్టర్స్ కట్టి, ఊరి పైపులోంచే నీళ్లిస్తే, సుంకేసులలో మట్టం తగ్గిన రోజే హైకోర్టు బార్ అసోసియేషన్ మొత్తం కార్పొరేషన్ ఆఫీసు మెట్లెక్కుతుంది. హైవే పక్కన గోడ కట్టి సొంత బోర్లతో జ్యుడీషియల్ ఎన్‌క్లేవ్ అని ఇంకో వెంచర్ వేస్తే, ఊరికి దక్కేది గేటు దగ్గర నాలుగు వాచ్‌మన్ ఉద్యోగాలు. ప్రభుత్వం ప్లాన్ గీయకముందే బార్ కౌన్సిల్ పెద్దలు, ఉద్యోగ సంఘాలు, ముఖ్యంగా కర్నూలు ప్రజాసంఘాలు ఆ క్వార్టర్స్ నీటి కనెక్షన్ ఎక్కడి నుంచో రాతపూర్వకంగా తేల్చుకోవాలి.